వండినవారి సంతకం

మిర్యాలగూడ బియ్యం మిల్లు అనగానే చాలామందికి పొగగొట్టం, ఊక కుప్ప, రోడ్డు వారగా బారులు తీరిన ధాన్యం లారీలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఒక చిన్న స్టీలు గిన్నె గుర్తుకొస్తుంది. రెండు గుప్పెళ్ల బియ్యం పోస్తే నిండిపోయే గిన్నె.

ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. సరుకు బయటికి పోయే ముందు, ఆ బియ్యంలోంచి కొంచెం తీసి, కొలిచి నీళ్లు పోసి, గడియారం చూసుకుంటూ వండేవారు. ఉప్పు వేయరు. గంజి వార్చరు. ఎన్ని నిమిషాలకు ఉడికింది, మెతుకు ఎంత సాగింది, ఒకదానికొకటి అంటుకుందా, పాత వాసన ఏమైనా ఉందా, అన్నీ ఒక కాగితం మీద రాసేవారు. ఆ తర్వాత యజమాని, మేనేజరు, కొనడానికి వచ్చినవాళ్లు ఉంటే వాళ్లు, తలా ఒక ముద్ద నోట్లో వేసుకునేవారు. కూర లేదు, పచ్చడి లేదు, వట్టి అన్నమే. కాగితం అడుగున రెండు గళ్లుండేవి. ఒకదాని మీద ‘వండినవారు’, రెండోదాని మీద ‘తిని చూసినవారు’ అని అచ్చు వేసి ఉండేది. రెండింట్లోనూ సంతకాలు పడితేనే లారీ కదిలేది.

నేను సూర్యాపేటలో ఉండి ఒక దినపత్రికకు పనిచేశాను. మార్కెట్ యార్డులో ధరలు, హైవే మీద ప్రమాదాలు, కాలువ నీళ్ల గొడవలు, ఎండాకాలం వడదెబ్బలు, ఇవే రాస్తూ జుట్టు నెరిసింది. జిల్లా పేజీలో వరుసగా చావులూ గొడవలే వస్తున్నాయని పై నుంచి అడపాదడపా ఒక ఫోను వచ్చేది. ‘అన్నా, ఒక మంచి వార్త పంపు’ అనేవారు. మంచి వార్త అంటే కష్టపడి పైకొచ్చిన మనిషి, పక్కన ఒక ఫొటో. అలాంటి ఒక మంచి వార్త కోసమే నేను ఆ మిల్లుకు వెళ్లాను.

అక్కడి ల్యాబులో ఒక అమ్మాయి పనిచేస్తోందని, అన్నం చూసి బియ్యం సంగతి చెప్పేస్తుందని ఎవరో చెప్పారు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లు ఉంటాయి. కెమిస్ట్రీలో డిగ్రీ. చిన్నప్పటి నుంచి కోదాడ హాస్టళ్లలో ఉండి చదువుకోవడం వల్ల ఆమె మాటలో అవతలి జిల్లాల యాస కలిసేది. మేనేజరు ఆమెను అందుకే ఆటపట్టించేవాడు.

“మేడం, మీ ఆంధ్రోళ్లు పప్పుల గూడ చింతపండు పిసుకుతరంట గదా” అన్నాడు నా ముందే.

“మీరు కారంలో పప్పు వేసుకుంటారంట కదా సార్” అంది ఆమె, గడియారం మీది నుంచి చూపు తిప్పకుండా.

యజమాని లోపలికి వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్ల బట్టలు. అందరూ పెద్దాయన అంటారు. ఆమె పళ్లెంలో పెట్టిన అన్నం వేళ్లతో విడదీసి, ముద్ద చేసి, కళ్లు మూసుకుని నమిలాడు. ఆ ధాన్యం ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పాడు. నిజమేనని మేనేజరు తల ఊపాడు. పెద్దాయన నా వైపు తిరిగి, “ఈ బిడ్డ చెయ్యి పడితే అన్నం సక్కగ ఉడుకుతది సారూ. కోదాడ కాడ ఇంకో మిల్లు కడుతున్నం. గాడ ల్యాబుకు ఈమెనే పెద్ద” అన్నాడు. అని, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆమె మొహం వెలిగింది. కోదాడ అయితే ఇంటి నుంచే పోయి రావచ్చట. ఈ మిల్లు కోసం మిర్యాలగూడలో గది కిరాయికి తీసుకుని ఉంటోంది. నెలకు రెండుసార్లు ఇంటికి పోతుంది.

ఇల్లెక్కడని అడిగాను. నడిగూడెం దగ్గర అంది. దగ్గర అంటే ఏ ఊరని మళ్లీ అడిగాను. చుట్టూ చూసింది. మేనేజరు బయటికి పోయాడు. అప్పుడు తండా పేరు చెప్పింది. లంబాడా కుటుంబం. ఆమె పేరు పక్కన ఇంటి పేరుకు బదులు ఒక్క అక్షరమే ఉండేది. కాబట్టి మిల్లులో ఎవరికీ తెలియదు. ఆమె దాచలేదు. వాళ్లు ఆమె యాస విని, రంగు చూసి, తమకు తోచిన కులంలో వేసుకున్నారు.

“సార్, తండా సంగతి రాయకండి. నడిగూడెం దగ్గర అని రాస్తే చాలు కదా” అంది.

ఆ రోజు నేను ఆమెకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆ మాటలు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. “ఎందుకమ్మా అట్ల అనుకుంటవు? అది సిగ్గుపడే విషయమా? నిన్ను చూసి ఇంకో పదిమంది ఆడపిల్లలు చదువుకుంటరు. గర్వంగ చెప్పుకోవాలె” అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. చేతిలోని గిన్నె కడుక్కుంటూ ఉండిపోయింది. మాట్లాడకపోవడాన్ని ఒప్పుకోలుగా రాసుకోవడం మా వృత్తిలో పాత అలవాటు.

రెండు రోజుల తర్వాత జిల్లా పేజీ పై భాగంలో వచ్చింది. ‘తండా బిడ్డ చేతిలో మిల్లు రుచి’. శీర్షిక నాదే. డెస్కువాళ్లు ఒక్క అక్షరం మార్చలేదు. పక్కన చిన్న గిన్నె పట్టుకుని ఆమె నవ్వుతున్న ఫొటో. సూర్యాపేట బస్టాండు ముందు టీ కొట్టులో ఇద్దరు ముగ్గురు మెచ్చుకున్నారు. ఆమెకు ఫోన్ చేశాను.

“చూశాను సార్. బాగుంది సార్” అంది. “ఉంటాను సార్” అని పెట్టేసింది. మొహమాటం అనుకున్నాను.

పది పన్నెండు రోజులకు ఆమె మా ఆఫీసుకు వచ్చింది. ఆదివారం. ఇంటికి పోతూ, కోదాడ మీదుగా పోయే బస్సు వదిలేసి, కావాలని సూర్యాపేట వైపు తిరిగి వచ్చింది. కుర్చీలో కూర్చుని బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.

“మీ పేపరు పెద్దాయన చదివారు సార్” అంది.

“ఏమన్నడు?”

“ఏమీ అనలేదు. మొదటి రోజు కడుపు బాలేదన్నారు. రెండో రోజు ఉపవాసమన్నారు. మూడో రోజు వాళ్లింటి వంటామెను కారులో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చారు.”

నేను ఆమె మొహం చూశాను. నవ్వు లాంటిదేదో ఉంది.

“‘చదువుకున్న పిల్లవు, పొయ్యి కాడ నీకేం పని, నువ్వు రాసుకో, ఆమె వండుతది’ అన్నారు. మేనేజర్ సార్ అయితే, ‘మేడం, నీకు ప్రమోషన్ వచ్చింది పో’ అన్నాడు. పొయ్యిని పక్క గదిలోకి మార్చారు. నేను గడప ఇవతల నిలబడి గడియారం చూడాలి. మూత తీయాలన్నా ఆమే తీయాలి. ‘అక్కా, ఒక మెతుకు నొక్కి చూడు’ అని ఇటు నుంచి నేను అరవాలి. ఆమె నొక్కి, ‘మెత్తగనే ఉన్నదమ్మా’ అంటుంది. అది నేను రాసుకోవాలి.”

“తేమ చూసుడు, నూక లెక్క?”

“అవన్నీ నేనే సార్. పచ్చి బియ్యం ఎంత ముట్టుకున్నా తప్పు లేదంట. ఉడికితేనే తప్పు. నాకు ఒకటి అర్థం కాలేదు సార్. బియ్యానికి లేని అంటు అన్నానికి ఎప్పుడు వస్తది? పొంగు వచ్చినప్పుడా, దించినప్పుడా? ఎన్నో నిమిషానికి వస్తదో చెబితే కాగితం మీద అది కూడా రాస్తాను.”

ఇన్నేళ్ల వృత్తిలో వందల మంది బాధితులతో మాట్లాడాను. ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. దానికి పెద్దాయన దగ్గర కూడా జవాబు ఉండదు. ఆయన ముందు ఎవరూ ఈ ప్రశ్న పెట్టరు కాబట్టి ఆయనకు జవాబు అవసరం పడదు.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. వండేది వంటామె అయినా, ‘వండినవారు’ గడిలో సంతకం మాత్రం ఈమెనే పెట్టమంటున్నారు. కొనేవాళ్లకు డిగ్రీ చదివిన మనిషి సంతకం కావాలి. ఆ సంతకం చూసే వాళ్లు ఫోన్‌లోనే సరుకు ఖాయం చేస్తారు. సంతకం పనికొస్తుంది, చెయ్యి పనికిరాదు.

“మూడు రోజులు పెట్టాను సార్” అంది. “కోదాడ మిల్లు సంగతి ఉంది కదా. మా యాడికి కూడా చెప్పేశాను, ఇక రోజూ ఇంటికే వస్తానని.” యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. “నాలుగో రోజు పెట్టలేదు. నేను వండని అన్నం ఎట్లా ఉడికిందో నాకేం తెలుసు? గడి ఖాళీగా వదిలేస్తున్నాను. లారీలు ఆలస్యమవుతున్నాయని మేనేజర్ సార్ పరేషాన్ అవుతున్నాడు. సంతకం పెట్టకపోతే కోదాడ లేదు అంటున్నాడు.”

నన్ను తిట్టడానికి వచ్చిందేమో అనుకున్నాను. తిట్టలేదు. లేచి నిలబడి, “మీరు రాసింది అబద్ధం కాదు సార్. కానీ నేను వద్దన్నాను కదా” అంది. అంతే. ఆమె వెళ్లాక ఆ పాత పేపరు తీసి చూశాను. శీర్షిక ఇంకా బాగానే ఉంది. అందుకే దాన్ని చూస్తే ఒళ్లు మండింది.

అదే సాయంత్రం డెస్కు ఇన్‌చార్జికి ఫోన్ చేసి, మిల్లు మీద వార్త పంపుతానని చెప్పాను. నాకంటే పదేళ్లు చిన్నవాడు. మంచివాడే.

“ఎవరన్నా కులం పేరు పెట్టి తిట్టిన్రా అన్నా?”

“లేదు.”

“జీతం ఆపిన్రా?”

“లేదు.”

“పనిల నుంచి తీసేసిన్రా?”

“లేదు.”

“మరి వార్తేందన్నా? ముసలాయన అన్నం తినలేదని రాద్దామా?”

ఫోన్ పెట్టేశాను. అతను అడిగినవి తప్పు ప్రశ్నలు కావు. మేమందరం అవే నేర్చుకున్నాం. పోలీసు స్టేషన్‌లోనూ అవే అడుగుతారు. ఒక మనిషిని తక్కువ చేయాలంటే తిట్టాలి, కొట్టాలి, సాక్షి ఉండాలి. ఉపవాసం అని చెప్పి, వంటామెను కారులో తెచ్చి, ప్రమోషన్ అని నవ్వితే అది నేరం కాదు, వార్త కూడా కాదు. ఈ సంగతి పెద్దాయనకు ఎవరూ నేర్పలేదు. అయినా ఆయనకు తెలుసు. ఒక్క చెడ్డ మాట నోటి నుంచి రాకుండా ఇదంతా చేయడం ఆయనకు తాతల నాటి నుంచి వచ్చిన విద్య. ఆమె తండా పేరు అచ్చు వేయడానికి మాకు ఏ రుజువూ అవసరం కాలేదు, ఆమె ఒప్పుకోలు కూడా అవసరం కాలేదు. ఆమెకు జరిగింది అచ్చు వేయాలంటే మాత్రం మూడు ప్రశ్నలు.

వార్త లేకపోయినా మాట్లాడి చూద్దామని ఆ వారంలోనే మిర్యాలగూడ వెళ్లాను. మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు.

“మేమేమన్న అన్నమా సారూ? అడుగుండ్రి ఆమెను. ఇప్పటికీ మేడం అనే పిలుస్త. జీతం గూడ పెంచుదామనుకుంటున్నం. పెద్దాయన పాతకాలం మనిషి. ఆయన అలవాట్లు ఆయనకుంటయి. జర అర్థం చేసుకోవాలె.”

“నువ్వు పాతకాలం మనిషివి కావు గదా. నువ్వు తింటున్నవా?” అన్నాను.

“నాకు షుగరున్నది సారూ” అన్నాడు. ముద్ద కాదు, ఒక్క మెతుకు కూడా పడని షుగరు ఆ పేపరు వచ్చిన రోజు నుంచే మొదలైనట్టుంది.

అంతలో తమిళనాడు నుంచి కొనుగోలుదారు దిగాడు. ఏటా వచ్చే మనిషేనట. మేనేజరు నన్ను లేవమనలేక అక్కడే ఉండనిచ్చాడు. పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పక్క గదిలో పొయ్యి వెలుగుతోంది. ఆ అమ్మాయి గడప ఇవతల గడియారం పట్టుకుని నిలబడి ఉంది. లోపల వంటామె గిన్నె ముందు వంగి కూర్చుంది.

“నాకు ఇరవై మందికి వండుడు తెలుసు గనీ, గీ బువ్వాటేందమ్మా” అని ఆమె గొణగడం బయటికి వినిపించింది.

“నీళ్లు పారబోయకు అక్కా. ఇంకా రెండు నిమిషాలుంది” అంది ఈమె.

“గంజి వార్చకపోతే ముద్ద అయితది బిడ్డా. నాకు తెల్వదా?”

వార్చేసింది. అన్నం పళ్లెంలో పెట్టి తెచ్చింది. పెద్దాయన ఆమె చేతి అన్నం కళ్లు మూసుకుని నమిలి, బాగుందన్నట్టు తల ఊపాడు. కొనుగోలుదారు నోట్లో వేసుకుని ఆగిపోయాడు. మళ్లీ ఒక మెతుకు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

“ఉప్పు పోట్టారా ఇందులో?” అన్నాడు. తెలుగు, తమిళం కలిపి మాట్లాడతాడు.

వంటామే చెప్పింది. “ఉప్పెయ్యని అన్నం ఎవలు తింటరు సారూ? మా దిక్కు అందరం ఏస్తం.”

తప్పు ఆమెది కాదు. నలభై ఏళ్లుగా రోజూ చేసే పనే చేసింది. ఉప్పు వేసి, గంజి వార్చి, ఆ బియ్యం లోపల ఏముందో ఎవరికీ తెలియకుండా కమ్మగా వండి పెట్టింది. కొనుగోలుదారు కాగితం అందుకుని చూశాడు. ‘వండినవారు’ గడి ఖాళీగా ఉంది.

“పోయినసారి ఈ అమ్మా కదా చేసింది? ఇప్పుడు ఎందుకు లేదు?” అని అడిగాడు. అతను అడిగింది న్యాయం కోసం కాదు. తను డబ్బు పెట్టే బియ్యం సంగతి సరిగ్గా తెలియాలి, అంతే.

పెద్దాయన కొంతసేపు చేతిలోని ఫోన్ చూసుకున్నాడు. తల ఎత్తకుండానే, “ఇగ నువ్వే వండు బిడ్డా” అన్నాడు.

“వండుతాను సార్. గడప దాటాల్సి వస్తది మరి” అంది ఆమె.

మేనేజరు దగ్గాడు. ఆమె లోపలికి వెళ్లింది. వంటామె పక్కకు జరిగి, “రా బిడ్డా, నాకు పీడ పాయె” అంది. అందరం కూర్చుని అన్నం ఉడికే దాకా ఎదురుచూశాం. బయట లారీ వెనక్కి తీస్తూ ఎవరో డ్రైవరుకు దారి చెబుతున్న కేకలు, లోపల మూత కదులుతున్న చప్పుడు, అంతే. ఆమె మధ్యలో ఒకసారి మూత తీసి, రెండు వేళ్ల మధ్య మెతుకు నొక్కి చూసి, మళ్లీ పెట్టింది. అంత మామూలు పని చేసుకోవడానికి ఆమెకు పరాయి రాష్ట్రం వ్యాపారి సిఫారసు కావలసి వచ్చింది.

తెచ్చి బల్ల మీద పెట్టింది. కొనుగోలుదారు తిన్నాడు, తల ఊపాడు, సంతకం పెట్టాడు. మేనేజరు పెద్దాయన వైపొకసారి, కొనుగోలుదారు వైపొకసారి చూసి, మందు బిళ్ల మింగినట్టు ఒక్క మెతుకు మింగాడు. షుగరు సంగతి మర్చిపోయినట్టున్నాడు. అతనూ పెట్టాడు.

పళ్లెం పెద్దాయన ముందుకు వచ్చింది.

“నేను ఇప్పుడే తింటి గద. కాగితం ఇటియ్యి” అని పెన్ను కోసం చేయి చాపాడు.

పెన్ను ఆమె చేతిలో ఉంది. ఇవ్వలేదు.

“‘తిని చూసినవారు’ అని ఉంది సార్. ఒక్క మెతుకు.”

“ఎన్నిసార్లు సూడలే నీ అన్నం?”

“అప్పుడు తిన్నారు సార్. నేనప్పుడూ తండా పిల్లనే.”

గొంతు పెంచలేదు. కాగితం మీద అంకె చదివినంత మామూలుగా అంది. పెద్దాయన మొహంలో కోపం రాలేదు. సిగ్గు కూడా రాలేదు. తన ఇంటి గోడ తనతో మాట్లాడినంత ఆశ్చర్యం మాత్రం కనిపించింది. లేచి, కొనుగోలుదారుకు నమస్కారం పెట్టి, మేనేజరుతో “నువ్వు సూస్కో” అని బయటికి వెళ్లిపోయాడు. ఆమె కాగితం ముందుకు లాక్కుంది. ‘వండినవారు’ గడిలో సంతకం పెట్టింది. కింది గడిలో యజమాని పేరుకు ఎదురుగా ‘తినలేదు’ అని రాసింది.

“కాగితం ఖరాబు చేసినవ్ మేడం” అన్నాడు మేనేజరు.

“జరిగిందే రాశాను సార్.”

నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. విలేకరి మధ్యలో కల్పించుకోకూడదని మాకు నేర్పుతారు. ఆ పాఠం అప్పుడు నాకు బాగా అక్కరకొచ్చింది.

ఆమెను పనిలోంచి తీసేయలేదు. అలాంటి తప్పు వాళ్లు చేయరు. కోదాడ మిల్లు ల్యాబు మాత్రం ఆమె దగ్గర పని నేర్చుకున్న ఒకతనికి ఇచ్చారు. తేమ ఎలా చూడాలో అతనికి ఆమే చూపించింది. ఎందుకిలా చేశారని ఫోన్‌లో అడిగితే మేనేజరు నిదానంగా చెప్పాడు. “ఆడపిల్ల సారూ. గాడ ఏ టైముకు లోడింగ్ ఉంటదో తెల్వది. ఆమె మంచికే.” పదిహేను రోజుల కింద లేని ఆడపిల్ల భయం ఆ కాగితం తర్వాత పుట్టుకొచ్చింది. వాళ్ల దగ్గర ఇలాంటి కారణాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కడుపు నొప్పి, ఉపవాసం, షుగరు, ఆడపిల్ల. ఒకటి చెల్లకపోతే ఇంకొకటి తీస్తారు. అసలు కారణం మాత్రం ఎప్పటికీ చెప్పరు, ఎందుకంటే దానికి శిక్ష ఉందని వాళ్లకు తెలుసు. అది తప్పని మాత్రం తెలియదు.

ఆ నెలాఖరున ఆమె రాజీనామా ఇచ్చింది. కారణం ఒక్క ముక్కలో రాసింది: ‘నన్ను వండనివ్వలేదు.’ సొంత కారణాలు అని మార్చి రాస్తేనే అనుభవం సర్టిఫికెట్ ఇస్తామన్నారు. మార్చలేదు. సర్టిఫికెట్ రాలేదు. రెండున్నరేళ్లు చేసిన పనికి ఆమె చేతిలో కాగితం లేదు.

నేను తండాకు వెళ్లాను. నడిగూడెంలో దిగి ఆటో పట్టుకున్నాను. ఇంటి ముందు ఆమె తల్లి మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి, “పేపరు సారువా?” అని అడిగి, లోపలికి ఏదో చెప్పింది. కూతురు టీ తెచ్చింది. ఆ కప్పు అందుకుంటుంటే నేనేదో మంచిపని చేస్తున్నట్టు లోపల ఎక్కడో అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే రోత పుట్టింది. ఒక ఇంట్లో టీ తాగడం గొప్ప అనుకునే మనిషికి, అన్నం తినని మనిషికి మధ్య దూరం నేననుకున్నంత లేదు.

తప్పయిందని చెప్పాను. ఆ అమ్మాయి తల్లి పక్కన కూర్చుని మిరపకాయలు తిరగేస్తూ విన్నది.

“గొప్పగానే రాశారు సార్. నేను దాచుకుంటున్నాను అనుకున్నారు మీరు. దాచుకోలేదు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నేను చూసుకుందాం అనుకున్నాను. ఆ ఒక్కటీ నా చేతిలో ఉండేది. అది మీరు తీసుకున్నారు.”

ఆమె తల్లి మా ఇద్దరినీ చూసి, “అన్నం తినకపోతే ఆయన కడుపే కాలుతది. మనకెందుకే” అంది. కూతురు నవ్వింది. “నాకు ల్యాబు కావాలి యాడీ. ఆయన కడుపు కాదు” అంది.

ఆ తర్వాత ఆమె కోదాడ చుట్టుపక్కల మిల్లులకు తనే ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. సర్టిఫికెట్ లేదని మొదటే చెప్పేది. రెండో మాట ఇది: “సార్, మాది లంబాడా తండా. వండి చూసే పని కూడా నాదే అయితేనే వస్తాను.” ఒక మిల్లువాళ్లు మళ్లీ చేస్తామన్నారు, చేయలేదు. ఇంకొకాయన ‘మాకట్లాంటి పట్టింపుల్లేవమ్మా’ అన్నాడట. ఏ రోజు రమ్మంటారని అడిగితే ప్రస్తుతం ఖాళీ లేదన్నాడట. మూడో చోట రమ్మన్నారు. కోదాడకు కొంచెం అవతల. జీతం మునుపటి కంటే తక్కువ. అయినా ఇంటి నుంచే పోయి వస్తోంది.

ఈ మధ్య కోదాడ బస్టాండులో కలిసింది. ఇదంతా రాయవచ్చా అని అడిగాను. ఈసారి జవాబు వచ్చేదాకా ఆగాను.

“రాయండి సార్. పేర్లు వద్దు, ఎవరివీ. తండా అని మాత్రం రాయండి, ఇప్పుడు ఫరవాలేదు. ఇంకొకటి, కన్నీళ్లు పెట్టుకుంది అని రాయకండి. నేను ఏడవలేదు.”

ఏడవలేదు. నేను చూసినంతలో ఒక్కసారి కూడా ఏడవలేదు.

కొత్త మిల్లు ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందంది. యజమాని కుర్రవాడట, రోజూ వచ్చి తింటాడట.

“తింటాడు సార్. కానీ నాకే అలవాటైపోయింది” అంది, తనను తానే ఎగతాళి చేసుకుంటున్నట్టు. “పళ్లెం ఇచ్చి, ఆయన గొంతు వైపే చూస్తాను. మింగేదాకా పెన్ను ఇవ్వను.”

బస్సు వచ్చింది. కెమిస్ట్రీ చదివిన ఆ అమ్మాయి రోజూ మెతుకు సాగిన పొడవు కొలుస్తుంది, ఉడికిన నిమిషాలు లెక్కపెడుతుంది, తేమ చూస్తుంది. వాటన్నిటి తర్వాత, ఒక మనిషి గొంతు కదిలిందో లేదో కూడా చూసుకోవాలి. ఆ చివరి పని ఏ కాలేజీలోనూ నేర్పలేదు. జీతంలోనూ లేదు. అది ఆమె నెత్తిన పెట్టినవాళ్లలో ఒకరు మిర్యాలగూడలో ఉన్నారు. ఇంకొకరు సూర్యాపేటలో కూర్చుని ఇది రాస్తున్నారు.